బహుమాన సభ

అర్ధసంవత్సరాంతమున ఉన్నత పాఠశాలలో జరుగు ఉత్సవమునందు, వ్యాసరచనలో ప్రథముడైన బాలునికిని పరుగుపందెమున గెల్చిన బాలికకును పుస్తకములు పంచిపెట్టునప్పుడు, ఫలాపేక్షను విడువుమను గీతను ప్రార్థనలో చదివించిన ఉపాధ్యాయులే ఫలమును చేతికందించుట విరుద్ధము కాదా యను శంక పొడమక మానదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, ఒక బిడ్డను మరియొక బిడ్డతో పోల్చుటయే భయమునకు మూలమనియు, బహుమానము సైతము శిక్ష వలెనే మనస్సును బంధించుననియు తలచినవారు. ఆ పట్టణమునకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాల వారి యాశయములపై నిలిచినది. ఈ వాదము నాకు చాలవరకు సమ్మతమే. కాని, నాటకమున తెర లాగినవాని పేరును, ఓడుచున్నను తుదివరకు ఆడిన జట్టు పేరును ఆ సభలో వినబడినచో, (అధ్యక్షోపన్యాసమును కొంత కుదించినచో ఇందులకు సమయము చిక్కును) అది కృతజ్ఞత యగును. గీత త్యజింపుమన్నది ఫలాసక్తిని. సత్కార్యమును చూచి సంతసించుటను ఎవరును నిషేధింపలేదు. పుణ్యశీలురను చూచి ఆనందించుటను పతంజలి యోగసూత్రములు చిత్తమును నిర్మలము చేయు ఉపాయములలో చేర్చినవి. గెల్చినవాని తల్లిదండ్రులకు ఆ ఆనందము తేలికయే. రెండవస్థానమున ఆగిన బాలుడు మనసారా చప్పట్లు కొట్టుటయే కష్టము, ఆ విద్య నేర్పు పాఠ్యపుస్తకము నాకింకను కానరాలేదు.