సాన పట్టే చెయ్యి

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, ఒక రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పేవారు. నాలుగు పంచింగ్ బ్యాగులు, తాళ్లు వదులైన ఒక రింగు, గోడకు ఒక గడియారం. ఆస్తి అంతే. సాయంత్రం అయిదింటికల్లా ఉప్పుగాలితో పాటు కుర్రాళ్లూ వచ్చి చేరేవారు. వలలు లాగేవాళ్ల పిల్లలు, రేవులో కూలికి వెళ్లేవాళ్ల పిల్లలు, కాలేజీ చదువుకునేవాళ్లు. నేర్పే కోచ్‌కి అరవై దాటాయి. వయసులో రాష్ట్రస్థాయిలో ఆడినవాడు. ఇప్పుడు టీ గ్లాసు ఒంటిచేత్తో పట్టుకుంటే వణికి తొణికేది. అందుకని రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు.

ఆ కుర్రాళ్లలో ఒకడు అందరికంటే పెద్దవాడు, బలవంతుడు. డెబ్బై అయిదు కిలోల మనిషి. అతని కుడి హుక్ బ్యాగుకు తగిలితే షెడ్డు రేకులు మోగేవి. ఆ మోత అతనికి మహా ఇష్టం. స్పారింగ్‌లో, అంటే రింగులో చేసే ప్రాక్టీసు పోరులో, జోడీ మీద కూడా ఆ మోతే వెతికేవాడు.

"ఒరే, అది బ్యాగు కాదు, మనిషి" అని కోచ్ ఒకటి రెండుసార్లు అన్నాడు.

"పోటీలో ఎవడైనా మెల్లగా కొడతాడా సార్? ఇక్కడ చెయ్యి దాచుకోవడం అలవాటైతే అక్కడ లేవదు. గట్టిగా తింటేనే కదా వీళ్లూ గట్టిపడేది?" అన్నాడు పెద్దవాడు.

మాటలో కొంత నిజం ఉంది కాబట్టి కోచ్ అప్పటికి ఊరుకున్నాడు.

నెల తిరిగేసరికి ఒకడు పరీక్షలున్నాయని మానేశాడు. ఇంకొకడు భుజం పట్టేసిందన్నాడు. మూడోవాడు పొద్దుటిపూట బ్యాచికి మారిపోయాడు. చివరికి పెద్దవాడితో రింగులోకి దిగేవాడు ఒక్కడే మిగిలాడు. చేపల బజారులో చేపలు కోసి అమ్మే ఆవిడ కొడుకు. పెద్దవాడికంటే ఎనిమిది కిలోలు తక్కువ. అతన్ని "అన్నా" అని పిలిచేవాడు. "అన్న దెబ్బకి నిలబడ్డానంటే ఇంకెవరి దెబ్బకైనా నిలబడతాను" అని గొప్పగా చెప్పుకునేవాడు.

రాష్ట్ర పోటీలకు మూడు వారాలుందనగా ఒక సాయంత్రం పెద్దవాడి హుక్ ఒకటి చిన్నవాడి కణతకి తగిలింది. రెప్పపాటు కాలం మోకాళ్లలో పట్టు తప్పింది. వెంటనే నిలదొక్కుకుని, రా అన్నట్టు గ్లవ్ ఊపాడు. మౌత్‌గార్డ్ వెనక నవ్వుతున్నాడు కూడా. ఇంకో రెండు రౌండ్లు ఆడారు.

మర్నాడు కోచ్ ప్యాడ్లు పట్టుకుని, "జాబ్, జాబ్, కుడి, ఎడమ హుక్" అన్నాడు. మూడేళ్లుగా ఆ కుర్రాడు రోజూ కొడుతున్న వరసే అది. మూడు కొట్టి ఆగిపోయాడు. నాలుగోది ఏమిటో గుర్తు రాలేదు. లైటు వంక చూస్తే కళ్లు మండుతున్నాయన్నాడు. రాత్రంతా తలనొప్పితో నిద్ర లేదని అప్పుడు బయటపెట్టాడు.

కోచ్ అక్కడికక్కడే అతని గ్లవ్స్ విప్పేసి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మెదడు అదిరిందన్నారు డాక్టరు. నెల రోజులు రింగు వైపు చూడవద్దన్నారు. ఆ ఏటి పోటీలు చిన్నవాడికి అక్కడితో అయిపోయాయి. పెద్దవాడికి పోటీలున్నాయి గాని, రోజూ ఎదురు నిలబడే జోడీ లేడు.

ఆ ఆదివారం పెద్దవాడు పళ్లు పట్టుకుని చేపల బజారుకు వెళ్లాడు. చిన్నవాడి తల్లి కత్తిపీట ముందు కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. తిడుతుందనుకున్నాడు. ఆవిడ పక్కనున్న బుట్ట బోర్లించి, "కూకో బాబూ" అంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక చుట్టూ చూశాడు. గోడ వారగా ఇంకో పాత కత్తిపీట కనిపించింది. దాని బద్ద అరిగిపోయి, నెలవంకలా సన్నబడి ఉంది.

"అదెన్నేళ్లది పిన్నీ?"

"అదా? ఇదీ అదీ ఒక్కనాడే కొన్నాను బాబూ. సాన పట్టీవోడొకడు వచ్చేవోడు. గబగబా అయిపోవాలని చక్రం మీద ఎట్టి నొక్కీసేవోడు. నిప్పులు ఎగిరిపడేవి. అందరూ ఆడి సుట్టూ మూగేవోరు. ఆ పూట బాగానే తెగేది. నాలుగు రోజులకి మళ్లీ మొండే. ఏడాది తిరక్కుండా ఇనపంతా తినీసినాడు."

"మరి ఇది?"

"దీనికి ముసలాయనొకాయన సాన పడతాడు. తడుపుతాడు, రాయికి తగిలిత్తాడు, తీత్తాడు, ఏలు ఆనించి సూత్తాడు. మళ్లీ తగిలిత్తాడు. అలాగని తగిలీ తగలనట్టు తిప్పీస్తే పదును రాదు కదా. ఎంత నొక్కాలో ఆయన సేతికి తెలుసు." ఒక ముక్క కోసి పక్కన పెట్టి, అతని వంక చూసింది. "కత్తిని సానకి ఇచ్చీది పదునెక్కి ఇంటికి రావాలని బాబూ. మా ఓణ్ణి కూడా అందుకే పంపినాను."

పెద్దవాడికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కోచ్ దగ్గర నిలబడ్డాడు. "సార్, ఎంత గట్టిగా కొట్టాలో చెప్పండి. ఈసారి వింటాను."

కోచ్ వణుకుతున్న కుడిచెయ్యి చాపి చూపించాడు. "నేను పోటీల్లో తిన్న దెబ్బలు లెక్కపెట్టుకోవచ్చురా. ప్రాక్టీసులో తిన్నవాటికి లెక్క లేదు. మా రోజుల్లో వారానికి ఆరు రోజులు ప్రాణం పెట్టి కొట్టుకునేవాళ్లం. పతకం కోసం కాదు, ఒకడి ముందు ఒకడు తగ్గకూడదని. ఈ వణుకు ఆ దెబ్బల వల్లే వచ్చిందో కాదో డాక్టర్లు చెప్పాలి. నాకు మాత్రం ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి."

మర్నాడు కొత్త పద్ధతి పెట్టాడు. గంట కొట్టక ముందే ఆ రోజు ఎంత బలంతో ఆడాలో జోడీలిద్దరూ అనుకోవాలి. రౌండు అయ్యాక దెబ్బ తిన్నవాడు చెబుతాడు, ఎక్కువో తక్కువో సరిపోయిందో. కొట్టినవాడు మారుమాట్లాడకూడదు. ఆ పూటకు దొరికిన జోడీతో ఆడుతూ పెద్దవాడు భయపడి మొదటి రౌండులో గ్లవ్‌ని ముఖానికి జానెడు దూరంలోనే ఆపేశాడు. కోచ్ ఆపించాడు. "అదీ తప్పే. అందని దెబ్బ వేస్తే ఎదుటివాడికి అబద్ధం నేర్పుతున్నట్టు. చెయ్యి దించినా ఏమీ కాదనుకుంటాడు. పోటీలో ఆ అబద్ధానికి వాడే మూల్యం కట్టాలి. తగలాలి. తగిలి, ఇక్కడ తలుపు తెరిచి ఉందిరా అని చెప్పాలి. తలుపు విరగ్గొట్టకూడదు."

ఆ ఏడు పెద్దవాడు రాష్ట్ర పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోయాడు. రోజూ జోడీ దొరక్క ఆ మూడు వారాలు ఎక్కువగా బ్యాగునే కొట్టాడు. బ్యాగు పక్కకి తప్పుకోదు, తిరిగి కొట్టదు. పోటీలో ఎదుటివాడు రెండూ చేశాడు.

నెల దాటాక డాక్టరు సరేనన్నాకనే చిన్నవాడు తిరిగి వచ్చాడు. మానేసినవాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. మరుసటి ఏడు ఇద్దరూ వేర్వేరు బరువుల్లో పోటీలకు వెళ్లారు. పెద్దవాడు పతకం తెచ్చాడు. చిన్నవాడు క్వార్టర్ ఫైనల్లో పాయింట్ల మీద ఓడాడు. ఊరికి చేరిన మర్నాడు సాయంత్రం అయిదింటికి ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారు.

నీతి: జోడీని ఎంత గట్టిగా కొట్టాలో నీ కండ చెప్పదు. రేపు అతను మళ్లీ నీ ఎదుట నిలబడగలగడమే దానికి కొలత.

ఈ కొలత మెత్తని మనసు కోసం పెట్టుకున్నది కాదు. బాక్సింగ్ చరిత్రే దీన్ని నేర్పింది. 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, తలకు దెబ్బలు తిని తిని నడక తడబడి, చేతులు వణికి, మాట మందగించిన బాక్సర్ల గురించి వైద్య పత్రికలో రాశాడు. ఈ జబ్బు ఎక్కువగా ఎవరిలో కనిపిస్తుందో చెబుతూ, శిక్షణ కోసం వాడుకునే రెండో శ్రేణి బాక్సర్లను కూడా ఆయన పేర్కొన్నాడు. వాళ్లు రోజుకు ఎన్నోసార్లు కిందపడేవాళ్లు. అంటే దాదాపు వందేళ్ల కిందటే ప్రమాదం పోటీ రింగులోనే కాదు, ప్రాక్టీసు రింగులోనూ పొంచి ఉందన్న సంగతి తెలిసింది.

రక్షణ కవచాలున్నాయి కదా అని కొందరంటారు. అమెచ్యూర్ పోటీల్లో 10, 12 ఔన్సుల గ్లవ్స్ వాడితే స్పారింగ్‌కు ఎక్కువగా 16 ఔన్సులవి, అంటే దాదాపు 450 గ్రాములవి, తొడుగుతారు. హెడ్‌గార్డ్ కూడా పెడతారు. ఇవి చర్మం చీలకుండా, కనుబొమ పగలకుండా కాపాడతాయి. పుర్రె లోపల ద్రవంలో తేలే మెదడు మాత్రం తల విసురుగా తిరిగినప్పుడల్లా ఊగుతుంది. ఏ తోలూ ఏ దూదీ ఆ ఊపును పూర్తిగా ఆపలేవు. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న హెడ్‌గార్డ్‌ను 2016 రియోలో పురుషులకు తీసేశారు. మెత్తని గ్లవ్ తొడిగాం కదా అని రెట్టింపు బలంతో కొట్టేవాడు ఆ గ్లవ్ ఇచ్చిన కాస్త మేలునూ చెరిపేస్తున్నాడు.

ముహమ్మద్ అలీ కథ మనకందరికీ తెలుసు. దెబ్బను తట్టుకోవడం అలవాటు కావాలని ప్రాక్టీసులో జోడీల చేత కొట్టించుకునేవాడు. 1970ల మొదట్లో అతని స్పారింగ్ జోడీల్లో లారీ హోమ్స్ ఒకడు. అలీ దగ్గర పదునెక్కిన ఆ హోమ్సే 1978లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1980 అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో అలీని ఎదుర్కొని, పది రౌండ్లలో అలీ వర్గమే పోటీ ఆపించేలా చేశాడు. 1984లో అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని వైద్యులు చెప్పారు. దానికీ ఆ దెబ్బలకూ ఎంత లంకె ఉందన్నది నేటికీ చర్చే. కానీ అంత పెద్ద వీరుడు కూడా సాన రాయికి అంతగా ఒత్తుకోకుండా ఉండాల్సింది అనిపించకమానదు.

1974లో జైర్ దేశంలోని కిన్షాసాలో అలీతో తలపడాల్సిన జార్జ్ ఫోర్‌మన్‌కు స్పారింగ్‌లో జోడీ మోచెయ్యి తగిలి కుడికన్ను పైన చీలింది. సెప్టెంబర్ 25న జరగాల్సిన పోటీ అక్టోబర్ 30కి వాయిదా పడింది. ఆ పోటీలో ఫోర్‌మన్ ఎనిమిదో రౌండులో పడిపోయాడు. ప్రపంచమంతా ఎదురుచూసిన పోటీని కూడా ప్రాక్టీసులో తగిలిన ఒక మోచెయ్యి అయిదు వారాలు ఆపేసింది.

ఇక మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. మొదట్లో తోటి ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే సాధన చేసింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. పతకం మీద ఒక్క పేరే ఉంటుంది. దాని వెనక రోజూ ఎదుట నిలబడి, తగిలించి, తగిలించుకుని, మర్నాడు మళ్లీ వచ్చిన జోడీలుంటారు. అలాంటివాళ్లు లేకుండా ఏ ఊళ్లోనూ ఏ బాక్సరూ తయారు కాడు.

తలకు దెబ్బ తగిలి పోటీ ఓడినవారిని కనీసం 30 రోజులు రింగుకు దూరంగా ఉంచాలన్న నియమం అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఉంది. ఆ నియమం అమలు చేయడానికి పోటీలో రిఫరీ ఉంటాడు, పక్కనే డాక్టరు ఉంటాడు. సాయంత్రం అయిదింటి రేకుల షెడ్డులో వాళ్లుండరు. అక్కడ కోచ్ కన్నే రిఫరీ కావాలి. కొట్టే చెయ్యే డాక్టరు కావాలి.

కాబట్టి గ్లవ్స్ తొడుక్కునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. నీకంటే తేలికైనవాడు ఎదుట ఉంటే వాడి బరువుకు తగ్గు. పొట్ట మీద, డొక్క మీద కాస్త బలం చూపించినా తల దగ్గర చెయ్యి తేలిక చెయ్యి. జోడీ కళ్లు తేలిపోతే, నాలుగో దెబ్బ ఏమిటో మరిచిపోతే, వాడు నవ్వుతూ రా అన్నా సరే, నువ్వు ఆపు. నీకే తల తిరిగితే దాచకు, చెప్పు. కోచ్‌లకు ఇంకో మాట. మోత విని మురిసిపోకండి. నిప్పులు ఎగిరిన చోట ఇనుము అరుగుతోందని తెలుసుకోండి.

తల్లి తన బిడ్డను మన చేతికిచ్చింది పదునెక్కి ఇంటికి రావాలని. రోజూ గంట కొట్టే ముందు ఆ మాట ఒకసారి తలుచుకోండి.