ఎస్‌కు ముందా, వెనకా?

బిడ్డా,

బోడా పుట్టగొడుగు మీద నువ్వు ఇంగ్లీషులో రాసిన వ్యాసం చదివాను. తొలకరి పడగానే సాల్ చెట్ల కింద అది మట్టిలోంచి ఎట్లా పైకొస్తుందో, ఆ వేళ్లకూ దానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఏమిటో, జగదల్‌పూర్ బజారులో అంత ధర ఎందుకు పలుకుతుందో చక్కగా చెప్పావు. భోపాలపట్నంలో తెలుగు, గోండి, హిందీ వింటూ పెరిగినదానివి. ఇంగ్లీషు నీకు నాలుగోది. అయినా అదీ గట్టిగా ఉండాలని నా ఆశ.

ఒకటైతే ఫంగస్, చాలా ఉంటే ఫంజై. నువ్వు రెండుచోట్ల ‘ఫంజైస్’ అన్నావు. లాటిన్ మాట అప్పటికే బహువచనమైతే మళ్లీ ఎస్ తగిలించకు. బ్యాక్టీరియం ఒకటి, బ్యాక్టీరియా అనేకం. మన పుస్తకం పుస్తకాలైనట్టే అక్కడా చివరి ‘అం’ పోయి ‘ఆ’ వస్తుందని గుర్తుపెట్టుకో. రేపు కోసా పట్టుపురుగుల మీద రాస్తే లార్వా చివర ఒక ‘ఈ’ అక్షరం చేరాలి. జీనస్ జెనెరా అవుతుంది. స్పీషీస్ ఒకటైనా వందైనా స్పీషీసే. అట్లాగని చివర యు, ఎస్ గానీ యు, ఎం గానీ కనబడ్డ ప్రతి మాటనూ మార్చకు. వైరస్‌కు వైరసెస్ అనే అంటారు, మ్యూజియంకు మ్యూజియమ్స్. అనుమానమొస్తే నిఘంటువు తెరువు.

తెగల పేర్ల బహువచనానికి రెండు పద్ధతులున్నాయి. బస్తర్ తెగల మీద రాసినవాళ్లనే చూడు. 1938లో గ్రిగ్సన్ తన పుస్తకానికి ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ అని ఎస్‌తో పేరు పెట్టాడు. 1947లో ఎల్విన్ ‘ది మురియా అండ్ దేర్ ఘోటుల్’ అన్నాడు, ఎస్ లేకుండానే అది బహువచనం. ఏది పట్టుకున్నా చివరిదాకా అదే పట్టుకో.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది అపాస్ట్రఫీ గురించి. నీ చివరి పేజీలో ‘విలేజర్స్ రైట్’ అని, ఎస్‌కు ముందు అపాస్ట్రఫీతో ఉంది. అపాస్ట్రఫీ ఎస్‌కు ముందుంటే ఆ హక్కు ఒక్క మనిషిది, ఎస్ తర్వాత ఉంటే ఊళ్లోవాళ్లందరిదీ. పైకి చదివితే రెండూ ఒకేలా వినిపిస్తాయి, తేడా కాగితం మీదే. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తి హక్కునూ ఉమ్మడి హక్కునూ వేరువేరుగా గుర్తించింది. 1910లో బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేవడానికి అడవులను రిజర్వు చేయడం ఒక కారణం. అడవి ఎవరిదన్న మాట మీద ఇంత జరిగిన నేలలో పుట్టి, ఆ చుక్కను ఎక్కడో ఒకచోట పెట్టేస్తే ఎట్లా? నువ్వు చెప్పింది ఉమ్మడి హక్కు గురించి. దాన్ని ఎస్ తర్వాతికి జరుపు.

చిల్డ్రన్, పీపుల్ ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి వాటికి మాత్రం అపాస్ట్రఫీ ముందు, ఎస్ తర్వాత. ఫంజైకీ అదే సూత్రం, కానీ చెవికి ఇంపుగా ఉండదు, అక్కడ ‘ఆఫ్’ వాడు. ‘దాని’ అనే అర్థంలో ‘ఇట్స్’ రాసేటప్పుడు అపాస్ట్రఫీ అసలే వద్దు. నీ వ్యాసంలో ఆ మాట చాలాసార్లు వచ్చింది. పంపేముందు దాని కోసమే మొదటినుంచి ఒకసారి చూడు.

నీ మామయ్య