మత్తునుండి యువతను కాపాడుట – పెద్దల ధర్మము

యౌవనము వరద వచ్చిన ఏరు వంటిది. గట్టు గట్టిగా నున్నచో ఆ నీరు పొలములకు పారును. గట్టు తెగినచో ఊరినే ముంచును. ఊరు మునిగిన పిమ్మట నీటిని నిందించువారు పెక్కుమంది. గట్టు వేయవలసినవారెవరని యోచించువారు కొందరే. మద్యము, గంజాయి, మత్తుమాత్రలు బడికి పోవు బాలుర చేతులకు సైతము అందుచున్న ఈ కాలమున ఆ యోచన ప్రతి ఊరికిని అవసరము. యువకుడు మత్తునకు లోనైనచో దోషము వానిదేనా? వాని చుట్టునున్న సమాజమునకును అందు పాలు కలదా?

ఎవరు చేసిన కర్మ వారే అనుభవింతురు గదా యని కొందరు వాదింతురు. ఆ మాట అసత్యము కాదు. అయినను చేసినవానికి, చేయించినవానికి, ప్రేరేపించినవానికి, చూచి ఆమోదించినవానికి కర్మఫలమున సమభాగమని పెద్దలు చెప్పుదురు. మొదటి గుక్క సామాన్యముగా ఎవరో ఒకరి చేతినుండియే బాలునికి అందును. ఆ చేయి స్నేహితునిది కావచ్చును, పెండ్లివారింట బంధువుది కావచ్చును. చూచిన పెద్దలు “వయసు వచ్చినది, పోనిండు” అని నవ్వి ఊరకుందురు. ఆ నవ్వే ఆమోదము.

మహాభారతము ఆదిపర్వమున కచుని కథ కలదు. మృతసంజీవనీ విద్యకై బృహస్పతి పుత్రుడైన కచుడు శుక్రాచార్యునొద్ద శిష్యుడై చేరెను. అసురులు వానిని రెండుమారులు చంపగా గురువు రెండుమారులును బ్రతికించెను. మూడవమారు వారు వానిని దహించి, ఆ బూడిదను మద్యమున కలిపి గురువునకే యిచ్చిరి. ఆయన త్రాగెను. దేవయాని దుఃఖము చూచి శిష్యుని పిలువగా, వాడు గురువు కడుపులోనుండి బదులు పలికెను. తాను త్రాగినది తన శిష్యునే యని శుక్రుడప్పుడు గ్రహించెను.

ఈ కథ ప్రతి ఇంటను జరుగుచున్నదే. తండ్రి త్రాగు పాత్రలో కుమారుని చదువు, ఆరోగ్యము, భవిష్యత్తు కరగియుండును. త్రాగువానికి అది కానరాదు. శుక్రుడు అసురులను నిందించి ఊరకుండలేదు. తన పానమే ఇంత పని చేసినదని సిగ్గుపడి, నాటినుండి బ్రాహ్మణులకు మద్యము మహాపాతకమని కట్టడి చేసెను. ఆ కట్టడి తనతోనే ఆరంభమైనది.

ఇట్టి కట్టడియే ద్వారకలోను జరిగినది. భారతయుద్ధము ముగిసి ముప్పదియాఱు సంవత్సరములు గడచిన పిమ్మట, మునిశాపమునకు వెఱచి, ఆహుకుడు, శ్రీకృష్ణుడు, బలరాముడు, బభ్రువు అనువారి పేర నగరమున చాటింపు వేయించిరి. ఇంట మద్యము చేసినవానికి బంధువులతో కూడ కొరతశిక్ష యని ఆజ్ఞ. ఇంతకన్న కఠినమైన శాసనము వేరొకటి యుండదు. కాని యాదవులు తీర్థయాత్రకని ప్రభాసమునకు పోయినప్పుడు మద్యమును వెంట గొనిపోయిరి. చాటింపున పేరున్న బలరాముడును, బభ్రువును అక్కడ త్రాగినవారిలో నుండిరని మౌసలపర్వము చెప్పుచున్నది. మత్తులో సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచి చంపెను. కలహము రగిలి ప్రద్యుమ్నుడు, సాంబుడు, అనిరుద్ధుడు మొదలగు యువకులందఱు నేలకూలిరి. శాపము దైవికమే కావచ్చును. అది లోనికి వచ్చిన ద్వారము మాత్రము మద్యము. పెద్దలు పాటింపని ఆజ్ఞ ఊరి పొలిమేర దాటగనే తన బలమును కోల్పోయినది.

ఆజ్ఞ పైనుండి దిగక ఇండ్లనుండి లేచినచో ఏమగునో మన తెలుగునేల చూచినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుటకు రాత్రిబడిలో కూడిన స్త్రీలు తమ కష్టములు చెప్పుకొనుచు, ఇంటికి రావలసిన కూలి సారాకొట్టునకు పోవుటయే అన్నిటికిని మూలమని గ్రహించిరి. అందఱును ఒక్కటై సారా అమ్మకమును అడ్డగించిరి. ఆ ఉద్యమము ఊరూర వ్యాపింపగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ప్రభుత్వపు ఆజ్ఞ వచ్చును, పోవును. ఊరివారు తమ పిల్లలకై తాము పెట్టుకొను కాపలాను మాత్రము ఎవరును రద్దు చేయజాలరు.

యువత విషయమున అట్టి కాపలాకు దూరదేశమైన ఐస్‌లాండ్ చక్కని తార్కాణము. 1998లో అక్కడి పదునైదు, పదునాఱేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో త్రాగి మత్తెక్కితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగెను. దినదినము పొగత్రాగువారు 23 నుండి 3కు తగ్గిరి. ఆ దేశమువారు బడులలో పిల్లలనడిగి, తెలిసిన స్థితిని ఆయా ఊళ్లవారికి చెప్పిరి. పిల్లలు రాత్రివేళ వీధులలో తిరుగుటకు హద్దు పెట్టిరి. తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందములు చేసికొని, రాత్రులందు తామే వీధులలో నడచిరి. ఆటలకు, సంగీతమునకు, నాట్యమునకు ధనము సమకూర్చిరి. సాయంకాలము ఖాళీగా నున్న బాలునికి చేయుటకు ఒక పని, చేరుటకు ఒక తోడు దొరికెను.

మన ఊళ్లకు ఇది క్రొత్త విద్య కాదు. చెక్కభజన, కోలాటము, హరికథ, చెడుగుడు – ఇవన్నియు ఒకనాడు సాయంకాలములను నింపినవే. ఆలయమండపము నేడు చీకటిపడగనే శూన్యమగుచున్నదన్నచో, ఆ పిల్లలను మరియొక చోటు పిలుచుకొనుచున్నదని అర్థము. మండపమున మరల దీపము వెలుగవలెను. యువకులకు ఉత్సవమున బరువైన పనులను నమ్మకముతో అప్పగింపవలెను. జాతరలోను, వినాయక నిమజ్జనమునందును, పెండ్లిండ్లలోను మద్యము ఉండరాదని ఊరిపెద్దలు కూడి నిశ్చయింపవలెను. ఆ నిశ్చయమును మొదట తామే పాటింపవలెను.

ఇన్ని చేసినను ఒకడు జారిపడవచ్చును. అప్పుడు పరువునకు వెఱచి దాచుటయు, కొట్టి తరుముటయు వానిని మఱింత లోతునకు త్రోయును. వ్యసనము చికిత్స చేయదగిన వ్యాధి, వైద్యునొద్దకు కొనిపోవలెను. కోలుకొని వచ్చినవానికి భజనపంక్తిలో పాత చోటే చూపవలెను.

కచుని బ్రతికించుటకు శుక్రుడు తన కడుపు చీలుటకు సమ్మతింపవలసి వచ్చెను. ఆయన గర్భస్థుడైన శిష్యునకు విద్యను బోధించి, తాను ప్రాణము విడిచి వానికి దారి యిచ్చెను. వెలికివచ్చిన శిష్యుడు ఆ విద్యతోనే గురువును బ్రతికించెను. యువతను కాపాడుటలో పెద్దలు విడువవలసినది ప్రాణము కాదు. తమ అలవాటు, తమ సుఖము, తమ సాయంకాలపు కొంత కాలము మాత్రమే. అంతమాత్రము విడిచిన ఊరిని రేపు నిలబెట్టువారు ఆ బిడ్డలే.