కదలలేనివాళ్ళ లోకం

అనగనగా నార్వే తీరానికి దూరంగా, 300 మీటర్ల లోతున, రెండు పగడపు దిబ్బలు ఉండేవి. ఒకటి తూర్పున, ఒకటి పడమట. నడుమ బురద మైదానం. అక్కడికి ఎండ పొడ చేరదు. ఏడాది పొడుగునా చన్నీళ్ళే. ఆ చీకట్లో ప్రవాహమే అన్నదాత. అది మోసుకొచ్చే కోపిపాడ్లనే చిన్న ప్రాణులను, నుసిని పట్టుకు తిని దిబ్బ మీది జీవులన్నీ బతుకుతూ ఉండేవి.

తూర్పు దిబ్బ శిఖరాన శ్వేతశాఖ అనే పగడం ఉండేది. ఒళ్ళంతా తెల్లని కొమ్మలు, కొమ్మకొమ్మకూ పువ్వుల్లా విచ్చుకున్న నోళ్ళు. ప్రవాహానికి ఎదురుగా చేతులు చాచి ఆహారం అందుకునేది. దాని కింద ఎప్పుడో చచ్చిన పగడాల అస్థిపంజరాలు నిలువెత్తున పేరుకుని ఉండేవి. అవి నల్లబడి, గుల్లబారి, నాచురంగు స్పంజికలతో నిండి ఉండేవి.

ఆ గుల్లల్లో ఒకదానిలో సూక్ష్మాంగి అనే యాంఫిపాడ్ కాపురముండేది. రొయ్యకు దూరపు చుట్టం, బియ్యపు గింజంత ఒళ్ళు. పొట్ట కింద చిన్న సంచి, ఆ సంచిలో గుడ్లు.

ఒకనాడు శ్వేతశాఖ కిందికి చూసి విసుక్కుంది.

“ఈ దిబ్బకు ప్రాణం ఉన్నది నాలోనే. కిందున్నదంతా శవాల గుట్ట. పెరగదు, పూయదు, పిల్లల్ని కనదు. ఇదంతా విరిగిపోతే మాత్రం ఎవరికేం నష్టం?”

సూక్ష్మాంగి గుల్లలోంచి తల బయటపెట్టింది.

“అంత మాట అనకు తల్లీ. మేమంతా ఉంటున్నది అందులోనే.”

“మేమంతా అంటే? నువ్వొక్కదానివేగా కనబడుతున్నావు!”

“నీ కంటికి ఆననంత చిన్నవాళ్ళం, అందుకే కనబడం. ఈ కొమ్మ పగుళ్ళలో ఐసోపాడ్లు పాకుతున్నాయి. ఆ పక్కన టానాయిడ్లు గొట్టాలు అల్లుకుని కూర్చున్నాయి. గుల్లల్లో చేరిన మెత్తటి మట్టిలో క్యుమేసియన్లు తలదూర్చుకున్నాయి. మట్టి రేణువుల సందుల్లో నాకంటే చిన్నవైన కోపిపాడ్లు తిరుగుతున్నాయి. అందరం రొయ్యా పీతల వంశమే.”

“అయితే నా కొమ్మల మీదికి వచ్చి ఉండొచ్చుగా? తెల్లగా, అందంగా ఉంటాయి.”

“నీ ఒంటి నిండా కుట్టే ముళ్ళున్నాయి తల్లీ, వాటి మధ్య మాలో ఎక్కువమందికి నిలవడానికి చోటుండదు. నీ పూర్వీకులు ప్రాణం విడిచాకే మాకు తలుపు తెరుచుకుంది.”

ఆ మాటల్లో ఉండగానే వక్రపుచ్ఛుడు వచ్చాడు. అతను రొయ్యా పీతల చుట్టమైన మునిడా జాతివాడు. తోకను కడుపు కిందికి ముడుచుకుని, పొడవాటి చేతులు చాచి, ఎర్రగా మెరుస్తూ తిరిగేవాడు. రెండు దిబ్బల్లోనూ అతని బంధువులున్నారు.

“దేనికమ్మా ఈ దిగులు?” అన్నాడు. “ఇల్లు పోతే ఇంకో ఇల్లు. నేను తూర్పున పుట్టలేదు. అలల్లో తేలుతూ వచ్చి ఇక్కడ దిగాను. ఇక్కడ బాగోకపోతే మా పిల్లలు ఇంకో చోట దిగుతారు.”

“మీ పిల్లలు దిగుతారు మామా,” అంది సూక్ష్మాంగి. “పుట్టగానే నీటిపాలై, వారాల తరబడి ఈది, నచ్చిన చోట ఆగుతారు. ఈ శ్వేతశాఖమ్మ పిల్లలూ అంతే. నా పిల్లలకు ఆ ప్రయాణం రాసిపెట్టి లేదు. గుడ్డు పగిలి, కాళ్ళూ చేతులూ వచ్చేదాకా నా సంచిలోనే ఉంటారు. బయటికొస్తే అడుగుపెట్టేది నేనున్న ఈ కొమ్మ మీదే. నువ్వు ఇట్టే దాటే ఆ బురద మాకు మహాసముద్రం.”

“అయితే నీ లోకం ఈ కొమ్మేనా?”

“ఈ కొమ్మే.”

వక్రపుచ్ఛుడు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. శ్వేతశాఖ ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

కొన్నాళ్ళకు పడమటి దిక్కున పెద్ద రొద పుట్టింది. సముద్రం మీద ఓడ. దాని వెనక టన్నుల బరువున్న ఇనుప పలకలు నేలను దున్నుకుంటూ వస్తున్నాయి. పలకల మధ్య నోరు తెరుచుకున్న ట్రాల్ వల, దాని అంచున నేల మీద దొర్లే పెద్ద పెద్ద చక్రాలు. దిబ్బ దగ్గర మేసే చేపల కోసం వచ్చిన వల అది. పడమటి దిబ్బ మీదుగా ఒక్కసారి వెళ్ళింది. వేల ఏళ్ళుగా నిలబడ్డది ఆ ఒక్కసారికే పిండైంది.

లేచిన బురద మబ్బు తూర్పు దిబ్బ మీదికీ వచ్చింది. శ్వేతశాఖ ఒంటి నుంచి జిగురు కార్చి, పడిన మట్టిని మెల్లమెల్లగా కడుక్కుని బతికి బయటపడింది.

ఏళ్ళు గడిచాయి. వక్రపుచ్ఛుడు పోయాడు. అతని మనవడు పడమటి నుంచి వస్తే శ్వేతశాఖ ఆత్రంగా అడిగింది.

“అక్కడి వాళ్ళు ఎలా ఉన్నారు నాయనా?”

“మావాళ్ళు మళ్ళీ చేరారు అమ్మమ్మా. రాళ్ళ సందుల్లో కాలక్షేపం చేస్తున్నారు. చేపలు కూడా అప్పుడప్పుడూ వచ్చి పోతున్నాయి.”

“మా వాళ్ళు?”

“విరిగిపడ్డ తెల్లకొమ్మలు కొన్నాళ్ళు ప్రాణంతోనే ఉన్నాయట. కింద ఊతం లేక బురదలో కూరుకుపోయి చచ్చిపోయాయి. తేలివచ్చిన మీ పిల్లలకు నిలవడానికి గట్టి చోటు దొరకడం లేదు. ఎక్కడో ఒక రాయి మీద ఒకటో రెండో మొలిచాయి.”

“మరి సూక్ష్మాంగి చుట్టాలు? వాళ్ళు బియ్యపు గింజంతే కదా, వల కన్నుల్లోంచి జారిపోయి ఉంటారు!”

“జారిపోయారు. ఒక్కరూ వలలో పడలేదు. కానీ ఇళ్ళన్నీ నలిగి, పైన బురద కప్పేసింది. తర్వాత ఎవరూ రాలేదు. రావడానికి దారి లేదు.”

శ్వేతశాఖ మొదటిసారిగా తన కాళ్ళ కిందికి నిదానంగా చూసింది. తనను బురదకు అందనంత ఎత్తున, ప్రవాహం బలంగా పారే చోట నిలబెట్టింది ఆ చచ్చిన పగడాలే. పడమట కూరుకుపోయిన కొమ్మలకు లేనిదీ, తనకు ఉన్నదీ అదొక్కటే.

గుల్లలో సూక్ష్మాంగి మనవరాలి మనవరాలు పిల్లల్ని దించుతోంది.

“శవాల గుట్ట అన్నాను. తప్పు మాట. నేను నిలబడ్డది దీని మీదే, మీరు బతుకుతున్నది దీనిలోనే,” అంది శ్వేతశాఖ.

ఆ చలికాలం చివర, ఎక్కడి నుంచో తేలివచ్చిన ఒక పగడపు పిల్ల ఆ నల్లని కొమ్మనే చూసుకుని దాని మీద వాలి వేళ్ళూనింది.

నీతి: ఒక చోటు విలువను, అది పోతే మరో చోటికి వెళ్ళగలిగినవాళ్ళను చూసి కట్టకూడదు. వెళ్ళలేనివాళ్ళను చూసి కట్టాలి.

కథలో మాటలు కల్పించినవి. బతుకులు మాత్రం నిజమైనవి. శ్వేతశాఖ జాతికి లోఫీలియా పెర్టూసా అన్నది చాలాకాలం నిలిచిన పేరు. ఇప్పుడు డెస్మోఫిల్లమ్ పెర్టూసమ్ అంటున్నారు. వెచ్చని సముద్రాల పగడాలకు ఒంట్లో ఉండే సూక్ష్మ నాచు ఎండను ఆహారంగా మార్చి పెడుతుంది. చీకట్లో పెరిగే ఈ పగడానికి ఆ ఆసరా లేదు. ఏడాదికి పెరిగేది కొద్ది మిల్లీమీటర్ల నుంచి 25 మిల్లీమీటర్ల వరకు. నార్వే దగ్గర 2002లో బయటపడ్డ రోస్ట్ దిబ్బ అలా పెరుగుతూనే సుమారు 35 కిలోమీటర్ల పొడవుకు చేరింది. అంత కట్టడం వెనక వేల ఏళ్ళ పని ఉంది.

ఈశాన్య అట్లాంటిక్‌లోని ఇలాంటి దిబ్బల్లో 1,300కు పైగా జీవజాతులను గుర్తించారు. వాటిలో అత్యధిక వైవిధ్యం కనిపించేది బతికున్న కొమ్మల్లో కాదు, చచ్చిన కొమ్మల్లో. యాంఫిపాడ్లు, ఐసోపాడ్లు, టానాయిడ్లు, క్యుమేసియన్లు పెరాకారిడా అనే ఒకే వర్గానికి చెందినవి. వీటి తల్లులు పిల్లల్ని పొట్ట కింది సంచిలో సాకుతాయి. సముద్రంలో తేలిపోయే బాల్యదశ సాధారణంగా ఉండదు. అందుకే ఒకచోట నాశనమైతే అవి దూరం నుంచి వచ్చి మళ్ళీ చేరడం చాలా కష్టం.

ఇంత చిన్న ప్రాణులను ఎవరు పట్టించుకుంటారు అనిపించవచ్చు. నార్వే శాస్త్రజ్ఞుడు జార్జ్ ఓసియన్ సార్స్ పట్టించుకున్నారు. ఆ దేశపు క్రస్టేషియన్ల గురించి, అంటే రొయ్యా పీతల వంశం గురించి, 1890 నుంచి దశాబ్దాల పాటు సంపుటాలు వెలువరించారు. కాళ్ళ మీది నూగు కూడా కనబడేలా బొమ్మలు గీశారు. ఒక ప్రాణిని కాపాడాలంటే ముందు దానికి ఒక పేరు, ఒక రూపం లెక్కల్లో ఉండాలి. ఆయన చేసింది ఆ పని.

వలలో పడిన చేపకు రేవులో తూకం ఉంటుంది. వల కన్నుల్లోంచి జారి, ఇల్లు కూలి పోయిన ప్రాణికి ఏ లెక్కా ఉండదు. నార్వే జలాల్లోని పగడపు ప్రాంతాల్లో 30 నుంచి 50 శాతం వరకు ట్రాలింగ్ వల్ల దెబ్బతిన్నాయని అక్కడి శాస్త్రవేత్తలు 2002లో అంచనా వేశారు. నార్వే 1999లోనే సూలా దిబ్బ మీద ట్రాలింగ్‌ను నిషేధించింది. 2003లో రోస్ట్ దిబ్బకూ ఆ రక్షణ ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ తన జలాల్లో 800 మీటర్లకు దిగువన అడుగు ట్రాలింగ్‌ను 2016లో నిషేధించింది. ఇవి సరైన పనులు. పగిలిన దిబ్బను చట్టం తిరిగి కట్టలేదు, నిలిచి ఉన్నదాన్ని నిలబెట్టగలదు.

వల ఆగినా మరో ప్రమాదం ఉంది. మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సముద్రం ఆమ్లగుణం వైపు జరుగుతోంది. అలాంటి నీటిలో ముందుగా కరిగేది, పైన కాపాడే కండ లేని చచ్చిన కొమ్మ. అంటే చిన్న ప్రాణుల ఇల్లూ, పెద్ద పగడం పునాదీ ఒకేసారి బలహీనపడతాయి.

కాబట్టి అడవి అయినా, చెరువు అయినా, సముద్రపు అడుగు అయినా, అక్కడున్నదాన్ని పనికిరానిదని కొట్టేసే ముందు అందులో ఎవరున్నారో వెతకండి. వాళ్ళలో ఎవరికి వేరే చోటు లేదో అడగండి. ఆ జవాబు తెలిసేదాకా దాని మీద చెయ్యి వెయ్యకండి.