మా యింటి కుందేలు నేర్పిన పాఠము

ధ్యానభాగములు: యోహాను 9:1–7, లూకా 13:1–5



ఈ నెల మీకు ఒక కుందేలు సంగతి చెప్పవలెనని యున్నది. ఇంత చిన్న సంగతి యెందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే నాతాను ప్రవక్త దావీదు రాజునొద్దకు వెళ్లినప్పుడు ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల సంగతితోనే మొదలుపెట్టెను. ఆ బీదవాడు దానిని కన్నకూతురివలె పెంచుకొనెనని 2 సమూయేలు 12వ అధ్యాయములో చదువుచున్నాము. యింటిలో పెరిగిన మూగజీవిమీద మనుష్యునికుండు ప్రేమను పరిశుద్ధ గ్రంథము ఎగతాళి చేయలేదు. కాబట్టి నేనును ధైర్యముగా చెప్పుచున్నాను.

గడచిన వేసవిలో జగ్గయ్యపేట వెళ్లినప్పుడు మా చిన్నమ్మాయికి రెండు పెంపుడు కుందేలుపిల్లలను కొని తెచ్చితిని. ఒకటి తెల్లది, ఒకటి నల్లమచ్చలది. అమ్మాయికి 8 ఏండ్లు. తెల్లదానికి మల్లి యని పేరు పెట్టినది. బడినుండి రాగానే పుస్తకాల సంచి అరుగుమీద పడవేసి, చేలగట్లమీద గరిక కోసి తెచ్చి, మల్లికి పెట్టిన తరువాతనే తాను అన్నము తినెడిది. రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అందరి పేళ్లతోపాటు మల్లి పేరు కూడ చెప్పెడిది.

వాటిని ఒక చెక్కపెట్టెలో ఉంచి అడుగున గోనెపట్టా పరచితిని. "అడుగున ఇనుప వల వేయించండి అయ్యగారూ, పెంటికలు కిందికి రాలిపోతయ్యి" అని అమ్మినవాడు చెప్పియుండెను. వేయించెదనని అమ్మాయికి మాట యిచ్చితిని. పిమ్మట కూటములు వచ్చెను, పెండ్లిండ్లు వచ్చెను, మాట మరచిపోతిని. గోనెపట్టాను శనివారము శనివారము మార్చుట నా వంతు పని. ముసురు పట్టిన వారములలో అదియును చేయలేదు.

ఆగస్టు నెలలో మల్లి మేత తగ్గించెను. వీపు ఎముక చేతికి తగులుచుండెను గాని పొట్ట ఉబ్బుచు వచ్చెను. ఒళ్లు చేసినదని మేమనుకొంటిమి. తరువాత విరేచనములు పట్టుకొనెను. ఒక గురువారము తెల్లవారుజామున చూచునప్పటికి పెట్టె మూలను కాళ్లు చాచి పడియుండెను.

ఆ ఉదయము మా యింట మూడు మాటలు వినబడెను. పొరుగింటి అవ్వ వచ్చి, "తెల్లగా ముద్దుగా ఉన్నది గదా, దిష్టి కొట్టింది" అనెను. సంఘ పెద్ద ఒకాయన మంచి మనస్సుతోనే, "పిల్ల దాన్ని మరీ నెత్తిన పెట్టుకున్నదండీ. దేవునికి రోషం ఉంటుంది గదా, అందుకే తీసేసుకున్నాడు" అనెను. అమ్మాయి తలుపు వెనుకనుండి ఆ మాట వినెను. మూడవ మాట నాది. "వానలో తడిసిన ఆకు పెట్టవద్దని చెప్పానా లేదా? నువ్వే పెట్టి చంపుకున్నావు" అని కసిరితిని. ఈ మూడింటిలో మిక్కిలి చెడ్డది నా మాటయే. అమ్మాయి ఏడువలేదు. పెట్టె ప్రక్కన కూర్చుండి గోడవైపు చూచుచుండెను.

నల్లమచ్చలది కూడ మేత ముట్టకుండుట చూచి, ప్రాణమున్నదానిని ఒక గంపలోను చనిపోయినదానిని ఒక సంచిలోను పెట్టుకొని నందిగామ వెళ్లితిని. అక్కడ ఒక పశువైద్యుడు మల్లి పొట్ట కోసి చూపించెను. కార్జము ఉండవలసినదానికంటె పెద్దదై, దానినిండ జొన్నగింజలవంటి తెల్లని పొక్కులు ఉండెను. ఒక పొక్కునుండి తీసిన రసమును గాజుపలకమీద రాచి సూక్ష్మదర్శినిలో నన్ను చూడుమనెను. కోడిగ్రుడ్డు ఆకారములో సన్నని బొట్లు కనబడెను. కుందేళ్ల కార్జములో పైత్యరసము పారు నాళములలో పెరుగు సూక్ష్మజీవి అదియనియు, ఈ వ్యాధికి కాక్సిడియోసిస్ అని పేరనియు ఆయన చెప్పెను. దాని గ్రుడ్లు పెంటికలతో బయటపడును. పడిన వెంటనే అవి హాని చేయవు. తేమయు వెచ్చదనమును దొరికినయెడల రెండు మూడు దినములలో ముదిరి, మేతతోపాటు మరల కుందేలు కడుపులోనికి పోవును. ప్రతిదినము పెట్టె శుభ్రము చేయువారి యింట వాటికి ముదురుటకు సమయము దొరకదు.

"తడి ఆకువలన కాదా?" అని అడిగితిని. "కాదు, మూలము పెంటికలలో ఉన్నది" అని చెప్పి, "పెట్టె ఎన్నాళ్లకొకసారి శుభ్రం చేస్తారు?" అని ఆయన అడిగెను. ఆయన మామూలుగానే అడిగెను. నాకు మాత్రము నాతాను దావీదు ఎదుట నిలిచి చెప్పిన మాట విన్నట్లాయెను. బిడ్డమీద మోపిన నేరము నా నేరమే.

ఈ జీవి క్రొత్తగా పుట్టినది కాదు. 1674వ సంవత్సరములో హాలండు దేశపు డెల్ఫ్ట్ పట్టణములో లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు తాను సానపట్టిన చిన్న అద్దముతో ఒక కుందేలు పైత్యరసమును పరీక్షించి, ఇట్టి గ్రుడ్డువంటి బొట్లను చూచెను. ఆయన చూచినవి ఇవేయని తరువాతి శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. అంతకు ముందు ఎన్ని తరములవారు ఎన్ని కుందేళ్ల చావులకు దిష్టినో దేవుని కోపమునో కారణముగా చెప్పియుందురో! కంటికి కనబడని దానికి కారణము తెలియనప్పుడు మనము ఊరకుండము. ఎవరిమీదనో ఒకరిమీద మోపుదుము.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు చేసినది ఇదే. పుట్టుగ్రుడ్డివానిని చూచి వారికి జాలి కలుగకముందే లెక్క పుట్టెను. పాపము వీనిదా, వీని తలిదండ్రులదా అని అడిగిరి. ప్రభువు వీనిదియు కాదు, వారిదియు కాదనెను. అంతటితో ఆగక బురద చేసి అతని కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పంపెను. శిష్యులు జరిగిపోయినదానిని త్రవ్విరి. ప్రభువు జరుగవలసిన దేవుని పనిని చేసెను.

అదే సిలోయములో ఒక గోపురము కూలి 18 మంది చనిపోయినట్లు లూకా 13వ అధ్యాయములో ఉన్నది. చనిపోయినవారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు చెప్పెను. అయితే వినుచున్నవారు మాత్రము మారుమనస్సు పొందవలెనని హెచ్చరించెను. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనుడి. చచ్చినవారిమీదను ఏడ్చుచున్నవారిమీదను నేరము మోపరాదు. బ్రదికియున్న నేను నన్ను పరీక్షించుకొనకుండ తప్పించుకొనరాదు.

మన జిల్లా పేరు 2022లో మారినది గాని, మన మెట్ట పల్లెలలో చావు యింటి మాటలు ఇంకను మారలేదు. బిడ్డ చనిపోయినయెడల తల్లి సరిగా చూడలేదందురు. మగడు చనిపోయినయెడల కోడలి పాదము మంచిది కాదందురు. గేదె చనిపోయినను ఎవరి కన్నో పడినదందురు. మందిరములో ప్రక్క ప్రక్కన కూర్చుండు మనమును అందుము. అట్టి ఒక్క మాట ఒక విధవరాలి గుండెలో ఇరువది ఏండ్లు ఉండిపోవును.

అట్లైనచో కారణము వెదకుటయే తప్పా? తప్పు కాదు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి తలంచుడి. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది దినముల తేడాలో స్ప్రూ అను విరేచనముల వ్యాధిచేత చనిపోయిరి. నాడు దానికి సరియైన మందు లేదు. ఆయన వైద్యము చదివి అమెరికా వెళ్లెను. 1945లో అక్కడ ఆయన నడిపించిన పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. ఆ వ్యాధికి అది మందాయెను. నేడు మన పల్లెలలో గర్భిణులకిచ్చు ఇనుము మాత్రలలో కలిసియుండునది అదే. ఆ తెలివి ఆయన అన్నదమ్ములకు అందలేదు. మన కుమార్తెలకు అందినది. చావు తరువాత తెలిసిన కారణమునకు తగిన ఉపయోగము ఇదే.

కాబట్టి మరణమున్న యింటికి వెళ్లినప్పుడు కారణము మాటలాడకుడి. అన్నము తీసికొని పోయి ప్రక్కన కూర్చుండుడి. తెలిసికొనదగిన కారణమున్నయెడల, బాధపడుచున్నవారిని కాక తెలిసినవారిని అడుగుడి. తెలిసిన కారణము మీ తప్పేయైనయెడల దేవుని యెదుటనే కాక, మీరు నిందించినవారి యెదుటకూడ ఒప్పుకొనుడి. ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకొనవలెనని యాకోబు వ్రాసినది ఇందుకొరకే. కారణము తెలియకపోయినయెడల, తెలియదని ఊరకుండుడి. నేల రాలు పిచ్చుకను ఎరిగిన తండ్రికి అది తెలియును.

ఆ రాత్రి ప్రార్థన వేళ అమ్మాయి నోరు తెరువలేదు. అప్పుడు నేను యింటివారందరి యెదుట, "అమ్మా, మల్లి నీవలన చావలేదు. పెట్టె నేను శుభ్రం చేయలేదు. నీకిచ్చిన మాట తప్పాను. నన్ను క్షమించు" అంటిని. బిడ్డ నా ముఖము చూచి, "అయితే దేవుడికి నామీద కోపం లేదా నాన్నా?" అని అడిగెను. దినమంతయు ఆ పసిప్రాణము మోసిన బరువు ఏమిటో నాకప్పుడు తెలిసెను. "లేదమ్మా, దేవుడు నీమీద కోపపడలేదు" అని చెప్పితిని. అప్పుడు ఏడ్చెను. చాలసేపు ఏడ్చెను.

మరునాడే పెట్టెకు ఇనుప వల వేయించితిని. ఇప్పుడు ప్రతి ఉదయము అమ్మాయియు నేనును కలిసి పెట్టె ఊడ్చి, దానిని కాగిన నీళ్లతో కడిగి ఎండబెట్టుచున్నాము. వైద్యుడిచ్చిన మందుతో నల్లమచ్చలది కోలుకొనినది. చనిపోయినదానికి నేను చేయగలిగినదేమియు లేదు. మిగిలినదానిపట్ల నమ్మకముగా ఉండుటయే నా మారుమనస్సునకు తగిన ఫలమని తలంచుచున్నాను.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, నీవు చేయని దానిని నీ పేర మోపినందుకు మమ్మును క్షమించుము. మా తప్పును చిన్నవారిమీద వేసినందుకు క్షమించుము. ఏడ్చుచున్నవారి యొద్ద మా నోటికి కావలియుంచుము. మా యిండ్లలో మిగిలియున్న ప్రతి ప్రాణమును దయతో చూచుకొను మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.