పాలు మానిన వ్రతము

1931లో లండన్ నగరమున శాకాహార సంఘసభలో, యౌవనమున తనను ప్రభావితుని గావించిన గ్రంథమును రచించిన హెన్రీ సాల్ట్ సమక్షముననే ప్రసంగించుచు, మాంసము మానినవారు మానని వారియెడ సహనము వహింపవలెనని గాంధీమహాత్ముడు హితవు పలికెను. పాలను సైతము వ్రతముగా విసర్జించి, పిదప తీవ్రవ్యాధిపీడితుడై, కస్తూరిబా సూచనపై మేకపాలు స్వీకరించి, వ్రతమున అక్షరము నిలిచినను ఆత్మ నశించెనని ఆత్మకథలో వగచిన యాతనికి ఆ మార్గకాఠిన్యము స్వానుభవవేద్యము. పాలు, గ్రుడ్లు సైతము వర్జించు వీగన్ల సంఘమును డొనాల్డ్ వాట్సన్ ప్రభృతులు ఇంగ్లండున స్థాపించినది తరువాత, 1944లో.

అట్టి సహనము మన యిండ్లలోను కావలెను. కార్తికమాసమున మాంసము ముట్టని తెలుగు గృహములు అసంఖ్యాకములు. వారి నెవ్వరును పరిహసింపరు. కాని ఈనిన గేదె పాలు దూడకు దక్కక మనకు దక్కుచున్నవనియు, పాడికి పనికిరాని మగదూడ అనాదరమున కృశించుచున్నదనియు కలతపడి, యొక యువకుడు పెరుగన్నము వలదన్నచో, ఇంటిల్లిపాదియు నవ్వుట నాకు మిక్కిలి బాధాకరము. నవ్వుటకు మారుగా వానికి కందిపప్పు, నువ్వులపొడి, రాగిజావ సమకూర్చి, శాకములయందు లభింపని బి12 విటమినును మాత్రరూపమున గ్రహింపుమని తల్లిదండ్రులు చెప్పిన నెంత బాగుండును! మాంసమును పూర్తిగా మానలేనివారు కార్తికనియమమును మరియొక మాసమునకు పొడిగించినను నేను సంతోషింతును.