నిన్నటి పులుసు పాచిదేనా?

నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడే రుచి. వంజరమైనా కొరమీనైనా, రాత్రంతా చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలతో ఊరితే గానీ ఉప్పూ కారం లోపలికి పట్టవని అక్కడివాళ్ల మాట. పొద్దున్నే ఆ పులుసుతో చద్దన్నం తిని, సాయంత్రం గీతా ప్రవచనానికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఆ గీత పదిహేడో అధ్యాయంలోనే, రాత్రి నిలవ ఉన్న తిండి తామసులకు ఇష్టమైనదని ఉంది.

చేపను పక్కన పెట్టినా చిక్కు తీరదు. మడి కట్టుకుని వండే ఇళ్లలో నిన్నటి అన్నం పనికిరాదు. ఏడాది కిందటి ఆవకాయ మాత్రం దర్జాగా విస్తట్లోకి వస్తుంది. పన్నెండు గంటల అన్నానికి లేని శుచి పన్నెండు నెలల ఊరగాయకు ఎక్కడిది? ఛాందసులు తమ నాలుక కోసం చేసుకున్న ఏర్పాటని కొందరు నవ్వేస్తారు. అంత తేలిగ్గా తీసిపారేయదగ్గ విషయం కాదిది.

తెలుగు బ్రాహ్మణుల్లో చాలామంది అనుసరించే సూత్రకారుడు ఆపస్తంబుడు. నిలవ వంటకం తినొద్దంటూనే ఆయన అటుకులు, పేలపిండి, కూరలు, దుంపలు, పండ్ల వంటివాటిని మినహాయించాడు. పులిసినవాటి గురించి మరింత సూక్ష్మంగా చెప్పాడు: వేరే ఏదీ కలపకుండా తనంతట తానే పులిసిపోయినది తినకూడదట. నెయ్యో నూనో తగిలిన పదార్థం నిలవదైనా దోషం లేదని మనుస్మృతి ఐదో అధ్యాయం అంటుంది. వీళ్లెవరూ గంటలు లెక్కపెట్టలేదు. మార్పు మనిషి చేతిలో ఉందా, చెయ్యి దాటిపోయిందా అన్నది చూశారు.

అన్నం ఎందుకు చెయ్యి దాటుతుందో ఇవాళ తెలుసు. అందులో తడి ఎక్కువ, పులుపు లేదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడుకును తట్టుకుని, గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తుతాయి. అది వదిలే ఒక విషం మళ్లీ కాచినా విరగదు. ఆవకాయ కథ వేరు. ఉప్పు తడిని కట్టేస్తుంది. మామిడి పులుపు పీహెచ్‌ను 4.6 కంటే కిందికి దించితే బొట్యులిజం తెచ్చే క్రిమి పెరగలేదు. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు కాబట్టి బూజు పట్టదు. పసుపులోని కుర్కుమిన్‌కు నూనె పాతవాసన కొట్టకుండా ఆపే గుణం ఉంది. ఇక ఆవగింజ నలిగి తడి తగిలితే, దానిలోని ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విరిచి అల్లైల్ ఐసోథయోసయనేట్‌ను పుట్టిస్తుంది. ముక్కుకెక్కే ఘాటు అదే.

ఆ ఘాటును ఆవమొక్క మన జాడీ కోసం తయారు చేసుకోలేదు. తనను కొరికే పురుగు మీద వాడే ఆయుధమది. సహజమైనదంతా సాత్వికమని నమ్మేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

జైనులు ఎప్పుడో ఆగారు. వాళ్ల ఇరవై రెండు అభక్ష్యాల్లో నిలవ ఊరగాయ ఒకటి. తినేవాడి శుచి కంటే, తిండిలో పుట్టే ప్రాణుల మీదే వాళ్ల చూపు. మరి మీరు నీళ్లు కాచి తాగడం హింస కాదా అని వాళ్లను అడిగితే, కాచినప్పుడు ఒక్కసారి జరిగే హింస, ఆపైన గడియగడియకూ పుట్టి చచ్చే జీవుల కంటే నయమని జవాబు చెబుతారు. ఉప్పూ ఆవపిండీ చేసేదీ చాలావరకు పుట్టనివ్వకపోవడమే కదా! ఈ తర్కం జైనముని ముందు నిలవకపోవచ్చు గానీ, అడగదగ్గ ప్రశ్నే.

సహజమైనదంతా మంచిదేనా అన్న ప్రశ్న నెల్లూరు తీరంలో రొయ్య రూపంలో ఎదురవుతుంది. పట్టిన రొయ్య మీద నల్లమచ్చలు వస్తాయి. అది కుళ్లు కాదు, రొయ్య ఒంట్లోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పని. దాన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ వాడతారు. ఉబ్బసం ఉన్న కొందరికి అది పడదు. పచ్చి రొయ్య తినే భాగంలో సల్ఫైట్లు కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. బదులుగా ద్రాక్షగింజల, దానిమ్మ తొక్కల, గ్రీన్‌టీ సారాలను శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే మచ్చలు ఆలస్యంగా వచ్చాయి. మంచి కబురే. అయితే ఆ సారానికీ మోతాదు ఉంటుంది, రుచిలో వగరు ఉంటుంది. ఆకు నుంచి వచ్చినంత మాత్రాన పుణ్యం అంటదు.

పూర్వులకు బాక్టీరియా తెలుసని చెప్పుకోవడమూ అంతే తొందరపాటు. సూక్ష్మజీవులను అణచడంలో ఆవకు తీసిపోని వెల్లుల్లిని మనుస్మృతి నిషేధించింది! శుచి వేరు, నిలవ గుణం వేరు. కొన్నిచోట్ల రెండూ కలిశాయి, అంతే. మొదట చెప్పుకున్న పులుసులోని చింతపండుకూ హద్దుంది. కానాగంత చేపలు ఎండన పడి ఉన్నప్పుడు పుట్టిన హిస్టమిన్ అనే విషం ఎంత పులుపు పోసినా, ఎంత ఉడికించినా పోదు.

ఊరగాయ సీసాల మీద ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అని అచ్చువేసేవాళ్లకు ఒక మనవి. అందులో ఉప్పు, ఆవ, నూనె ఉన్నాయి, అవి ప్రిజర్వేటివ్‌లే. ఆ గొప్ప మాట తీసేసి, ఏది ఎంత వేశారో, ఎన్నాళ్లు నిలుస్తుందో రాయండి.